తక్కువైన బరువు

మౌలాలి ఆ గురువారం దర్గాకు రెండు కోరికలతో వచ్చాడు. ఒకటి పదిమందిలో గట్టిగా చెప్పుకోవాలనుకున్నది. ఇంకోటి అక్కడి ఫకీరు తాత చెవిలో మెల్లగా అడగాలనుకున్నది.

గట్టిగా చెప్పుకోవాలనుకున్నది బట్టీ సంగతి. నాపరాళ్ల గనుల అవతల రేకుల షెడ్డులో పాత బ్యాటరీలు పగలగొట్టి, సీసం కరిగించి, దిమ్మలు పోయించడం అతని పని. మొన్న పట్నం నుంచి ఇద్దరు మనుషులు వచ్చారు. గేటు లోపలికి ఎన్ని బ్యాటరీలు వచ్చాయో, గేటు బయటికి ఎంత సీసం పోయిందో రాసుకున్నారు. కొండలు తవ్వి కొత్త సీసం తీయడం కన్నా ఇలా పాతదాన్ని కరిగించడం భూమికి ఎంతో మేలని ఒక కాగితం ఇచ్చి పోయారు. మౌలాలి దానికి అద్దం కట్టించాడు. అప్పటినుంచి మనవాడి నడకే మారింది. టీ అంగడికి పోయినా ఆ కాగితం మాటే, పెళ్లికి పోయినా ఆ కాగితం మాటే.

మెల్లగా అడగాలనుకున్నది కూతురు మాబున్ని సంగతి. ఐదేళ్ల పిల్ల. మూడేళ్లప్పుడు వాగుడుకాయ. ఇంటికి వచ్చిన వాళ్లను కూర్చోబెట్టి కబుర్లు చెప్పేది. రెండేళ్లుగా ఒక్కో మాటా పోతూ వచ్చింది. ఇప్పుడు కడుపు పట్టుకుని ఏడవడం తప్ప ఏమీ చెప్పదు. పిల్ల నోట మళ్లీ మాట వస్తే ఆమె ఎత్తు బెల్లం తూచి పంచుతానని మౌలాలి మొక్కుకున్నాడు. దర్గా వసారాలో మొక్కుల త్రాసు ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఒక తట్టలో పిల్లలను కూర్చోబెడతారు, ఇంకో తట్టలో బెల్లం పెడతారు.

హుసేనప్ప తాత ఆ దర్గాలో ఉండే ఫకీరు. ఫకీరు కాకముందు దూదేకే వాడు. నలభై ఏళ్లు ఊరూరా తిరిగి, జనం పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి మళ్లీ పరుపులు కుట్టాడు. మౌలాలి పన్నెండేళ్లుగా ఆయన కాళ్ల దగ్గర కూర్చుంటున్నాడు. గురువారం గురువారం దర్గా ఊడ్చేది కూడా అతనే.

"తాతా, ఇంకో బట్టీ పెడుతుండా. నువ్వొచ్చి నీ చేత్తో మొదటి నిప్పెయ్యాల," అన్నాడు మౌలాలి, అందరికీ వినబడేలా. "పారేసిందాన్ని మళ్లా పనికి తెస్తుండా. నువ్వు చేసిందీ అదే గదా? పాత దూదిని కొత్త చేస్తివి."

తాత నవ్వాడు. నవ్వు దగ్గు అయింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. ఎవరో నీళ్లు తెచ్చి ఇచ్చారు. నలభై ఏళ్ల దూది దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో ఉందని అందరికీ తెలుసు. తెలిసినా, దగ్గు ఆగాక ఎవరి మాటల్లో వాళ్లు పడ్డారు.

"మంచి పనేరా," అన్నాడు తాత చివరికి. "కాకుంటే నాకు కాగితాలు చదివేది రాదు. తూకమైతే తెలుస్తాది. ఒక బ్యాటరీని తూకమేసుకోని పగలగొట్టు. దాంట్లోంచి వచ్చిందంతా తెచ్చి ఈ త్రాసులో పెట్టు. బరువు సరిపోయిందంటే నేనే వచ్చి నిప్పేస్తా."

ఇంతేనా అనుకున్నాడు మౌలాలి. ఇక రెండో కోరిక చెవిలో చెప్పాడు. తాత కళ్లు మూసుకుని దువా చేశాడు. ఆ పిల్ల గురించి మాత్రం ఏమీ అనలేదు.

మరుసటి గురువారం మౌలాలి ఆటోలోంచి సామాను దించాడు. ట్రాక్టరు బ్యాటరీ అది. పగలగొట్టకముందు ఇరవై నాలుగు కిలోలు. సీసం దిమ్మ పెట్టాడు, ప్లాస్టిక్ డబ్బా ముక్కలు పెట్టాడు, కరిగించాక మిగిలిన చిట్టెం మూట కట్టి తెచ్చి పెట్టాడు. ఇవతల తట్టలో తాత రాళ్లు వేశాడు. పద్దెనిమిది కిలోలు తూగింది.

"ఆరు కిలోలు తక్కువ," అన్నాడు తాత.

"అది యాసిడ్ నీళ్లు తాతా. వెనక గని గుంతలోకి వదిలేస్తాం."

"అది గూడా తీసుకోని రా."

మౌలాలి నొచ్చుకున్నాడు. పట్నం వాళ్లు అడగని ప్రశ్న ఈ ముసలాయన అడుగుతున్నాడు. అయినా గురువు మాట. మూడో గురువారం ఇంకో బ్యాటరీ కొట్టించి, యాసిడ్ డబ్బాలో పట్టించి మరీ తెచ్చాడు. షెడ్డు రేకుల మీద ఆ పూట పడిన బూడిద ఊడిపించి తెచ్చాడు. బట్టీ పక్కనున్న వేపచెట్టు ఆకులు దులిపి, ఆ దుమ్మూ తెచ్చాడు. చూసిన వాళ్లు నవ్వారు. అన్నీ తట్టలో పెట్టాక తాత రాళ్లు సరిచూశాడు.

"పావుకిలో తక్కువ."

"పావుకిలో పొగ అయ్యింటాది తాతా!" మౌలాలికి ఓపిక పోయింది. "పొగకు బరువు యాడుంటాది?"

"గేటు లోపలికి వచ్చేటప్పుడు ఉండింది గదా?"

అందరూ నవ్వారు. మౌలాలి ముఖం మాడిపోయింది. తాత మాత్రం నవ్వలేదు. అన్నాల వేళ అయిందని లేచాడు.

ఆ దర్గాలో ఒక అలవాటు ఉంది. అన్నానికి కూర్చునే ముందు ఫకీరే చెంబుతో నీళ్లు పోసి ఒక్కొక్కరి చేతులు కడుగుతాడు. ఎంత గొప్పవాడైనా చేతులు చాపాల్సిందే. తాత మౌలాలి చేతుల కింద ఇత్తడి బేసిన్ పెట్టి నీళ్లు పోశాడు. గోళ్ల సందులు, వేళ్ల మధ్య ముడతలు ఓపికగా రుద్దాడు. బేసిన్‌లో నీళ్లు బూడిద రంగుకు తిరిగాయి. తాత ఆ బేసిన్ ఎత్తుకుని వసారా చివర కట్టేసిన మేకపిల్ల దగ్గరికి నడిచాడు. ఎండకు దాని నాలుక బయట వేలాడుతోంది. బేసిన్ దాని ముందు దించబోయాడు.

"వద్దు తాతా!" మౌలాలి కేక వేశాడు. "తాగిందంటే బతకదు!"

అన్నం వడ్డించే వాళ్ల చేతులు ఆగిపోయాయి.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు తాత.

మౌలాలి తలవంచుకున్నాడు. "మా గని గుంతలో తాగి పక్క చేని ఈరన్న పాడి ఎనుములు రెండు పోయినాయి. పోయిన ఎండాకాలం."

"ఆ మాట నీ కాగితంలో ఉందా?"

"అది... అది గేటు బయట, తాతా."

తాత బేసిన్ తెచ్చి త్రాసు పక్కన పెట్టాడు. మౌలాలికి అన్నం పెట్టించాడు. తాను కూడా పక్కనే కూర్చుని తిన్నాడు. లేచేటప్పుడు ఒక్క మాట అన్నాడు.

"తక్కువైంది యాడ పెట్టినావో చూసుకోరా నాయనా."

మౌలాలి దర్గా నుంచి సరాసరి షెడ్డుకే పోయాడు. కోపం మీద ఉన్నాడు. సాయంత్రం దాకా తానే ఒంగి నేల ఊడ్చాడు, మూలలు వెతికాడు. పావుకిలో దొరకలేదు. ఒంటినిండా దుమ్ముతో ఇంటికి వచ్చాడు.

వాకిట్లో భార్య బీబమ్మ నిన్నటి అతని చొక్కాలను ప్లాస్టిక్ టబ్బులో ముంచి పిండుతోంది. నీళ్లు బూడిద రంగులో ఉన్నాయి. మాబున్నికి స్నానం చేయించేది ఆ టబ్బులోనే.

నాన్న అడుగుల చప్పుడు వినగానే పిల్ల లేచి వచ్చింది. మాటలు పోయినా ఆ ఒక్క సంతోషం పోలేదు దానికి. రోజూ లాగే పరుగెత్తి వచ్చి, అతని నడుము చుట్టేసి, చొక్కాలో ముఖం దాచుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. నాన్న వాసన దానికి అంత ఇష్టం.

మౌలాలి చేతులు రెండూ పైకి లేచాయి. పోలీసుల ముందు దొంగలా చేతులెత్తి అలాగే నిలబడిపోయాడు.

"ఏమైంది? ఎత్తుకో. పొద్దున నుంచి నీ కోసమే చూస్తాంది," అంది బీబమ్మ.

అతని చేతులు కిందికి దిగలేదు.

తెల్లారి పిల్లను కర్నూలు ఆస్పత్రికి తీసుకుపోయారు. రక్తం తీశారు. రెండేళ్లుగా పిల్లకు దిష్టి తీయించారు, తాయెత్తు కట్టించారు, నాటు మందులు మింగించారు గానీ, రక్తం చూపించాలని ఎవరికీ తోచలేదు. నాలుగు రోజుల తర్వాత డాక్టరమ్మ కాగితం చూసి, తలెత్తి, ఒకటే ప్రశ్న అడిగింది.

"ఇంట్లో సీసం పని చేసేది ఎవరు?"

మౌలాలి తన చేతుల వైపు చూసుకున్నాడు. పిల్లను ఇక దుమ్ముకు దూరంగా ఉంచమని, మందు ఇస్తామని, ఒంట్లోని సీసం కొంత దిగుతుందని ఆమె చెప్పింది. పోయిన మాటల సంగతి అడిగితే మాత్రం చెప్పలేమంది. ఆ సాయంత్రమే బట్టీలో నిప్పు ఆర్పించాడు. బట్టీ పూర్తిగా చల్లారేదాకా అక్కడే కూర్చుని ఏడ్చాడు.

గురువారం వచ్చింది. మౌలాలి స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, మాబున్నిని భుజాన వేసుకుని దర్గా మెట్లెక్కాడు. పిల్లను చూసి జనం సంబరపడ్డారు. మాట వచ్చిందేమో, మొక్కు తీరుస్తున్నాడేమో అనుకుని చుట్టూ మూగారు. మౌలాలి వాళ్లను తప్పించుకుని త్రాసు దగ్గరికి నడిచాడు. పిల్లను త్రాసు తట్టలో కూర్చోబెట్టాడు. తట్ట కిందికి దిగింది. మాబున్ని గొలుసులు పట్టుకుని అందరినీ వింతగా చూసింది.

"బెల్లం ఏదిరా?" అన్నాడు తాత.

"మొక్కు కాదు తాతా." "తక్కువైంది తెచ్చినా."

తాత రాళ్లు ముట్టుకోలేదు. దగ్గరికి వచ్చి పిల్లను తట్టలోంచి ఎత్తుకున్నాడు. పిల్ల ఆయన గడ్డం పట్టుకుని లాగింది. మౌలాలి ఆయన కాళ్ల మీద పడ్డాడు.

"తాతా, ఏమన్నా చెప్పు. ఏం చేస్తే పోతాది ఇది?"

తాత పిల్ల తల నిమిరాడు.

"ఈ బిడ్డలోంచి సీసాన్ని విడదీసే బట్టీ లేదు నాయనా," అన్నాడు.