పాడె వెదురు బుట్ట

అనగనగా అన్నానంటే ఊ కొట్టాలి మరి. హెచ్ఐవీ జబ్బు పల్లెల్లోకి దిగి, దానికి మందులు కొత్తగా వస్తున్న కాలమది. కొండకింద ఊళ్లో నూకాలు అనే మేదర ముసలమ్మ ఉండేది. బుట్టలల్లేది, చేటలల్లేది. ఊళ్లో ఎవరు పోయినా పాడెకి పచ్చి వెదురు తనే కొట్టిచ్చేది.

ఒకరోజు ఊరిపెద్ద అప్పలసూరి వచ్చాడు.

"నూకాలూ, పాడెకి రెండు వెదురు గెడలు కొట్టు."

"ఎవులు పోనారు బాబూ?"

"ఇంకా పోనేదు. ఆ పైడమ్మ పోతాది. నేడో రేపో."

పైడమ్మ ఇంకా పాలపళ్లు ఊడని పిల్ల. అమ్మానాన్నా ఆ జబ్బుతోనే పోయారు, పిల్లకి పుట్టుకతోనే వచ్చింది. బతికున్న పిల్లకి పాడె! ఎంత ఘోరం!

అయినా నూకాలు వెదురు కొట్టింది. భుజాన వేసుకుని తిన్నగా పిల్ల గుడిసెకే పోయింది. పైడమ్మ గోడకి జారగిలబడి ఉంది, ఒళ్లంతా ఎముకలే. పక్కన పట్నం ఆస్పత్రివాళ్లిచ్చిన మందుబిళ్లలు.

"మందేసుకోనేదేటమ్మా?"

"ఏసుకుంతే కక్కేస్తన్నాను మామ్మా. కడుపులో ఏటీ నేదు కదా."

జబ్బు అంటుకుంటుందని ఉత్త భయంతో ఆ గుమ్మం తొక్కినవాళ్లే లేరు. పిల్ల ఆకలితో చచ్చిపోతుంటే ఊరు పాడె సిద్ధం చేసుకుంటోంది!

నూకాలు అక్కడే కూర్చుని ఆ వెదురు చీల్చి బుట్ట అల్లింది. తీసుకెళ్లి మొదటి ఇంటి గుమ్మంలో పెట్టింది.

"పాడె వెదురు బుట్ట తల్లీ. పైడమ్మకి తిండెయ్యి, అట్టుకుపోతాను."

ఇంటావిడ బెదిరిపోయింది. పాడె వెదురు గుమ్మంలోనా! గబగబా చోళ్లు, అదే రాగులు, పోసేసింది.

రెండో ఇంటికి వెళ్లింది. "పాడె వెదురు బుట్ట తల్లీ." నువ్వులూ బెల్లమూ పడ్డాయి.

మూడోది అప్పలసూరి ఇల్లు. "పాడె వెదురు బుట్ట బాబూ."

"మతిపోయిందేటే నీకు? శవానికి కొట్టిన వెదురు నా గుమ్మంలో ఎడతావా?"

"శవమెక్కడుంది బాబూ? ఓపాలి సూపించండి."

అప్పలసూరి లోపలికి వెళ్లి కోడిగుడ్లు తెచ్చి బుట్టలో పెట్టాడు.

చోడి అంబలి, నువ్వుండ, గుడ్డు. రోజూ బుట్ట తిరిగింది, రోజూ పిల్ల తిన్నది. తిండి పడ్డాక మందు కడుపులో నిలిచింది. భయపడి వేసినవాళ్లే పోనుపోనూ పిలిచి వేశారు.

ఏళ్లు గడిచి నూకాలు పోయింది. పాడెకి వెదురు కొట్టిందెవరనుకున్నారు? పైడమ్మ! కత్తి పట్టుకుని నిలబడ్డ ఆ నిండు మనిషిని చూసి, నాడు పాడె కట్టబోయింది ఈ పిల్లకేనా అని ఊరు విస్తుపోయింది. పాడెకి రెండు గెడలు చాలు, అయినా ఆమె మూడోది కూడా కొట్టింది.

"మూడోదెందుకే?" అన్నాడు ముసలి అప్పలసూరి.

"బుట్టకి తాతా."

ఇప్పటికీ ఆ ఊళ్లో పాడెకని వెదురు కొడితే ఒక గెడ ఎక్కువే కొడతారు. దాన్ని నూకాలు గెడ అంటారు. దాంతో బుట్ట అల్లి, ఆ జబ్బున్న పిల్లల కోసం ఇల్లిల్లూ తిప్పుతారు. "బుట్ట నిండిందా?" అని అడిగాకే పాడె ఎత్తుతారు.