రాజుగారి కునుకూ, మైనపు జంతికలూ

పూర్వం తుపాకులకు పేరుపడ్డ రాజ్యం ఒకటుండేది. దాన్నేలే ఉద్దండవర్మకు రెండే రెండు ఇష్టాలు. మధ్యాహ్నం కునుకు తీయడం, తన బిరుదులు ఎవరైనా చదువుతుంటే వినడం. కోట వెనకే కంచరివీధి. అక్కడ పోతపోసిన ప్రతి తుపాకినీ పేల్చి చూశాకే ఆయుధశాలకు పంపేవారు.

ఒకనాడు ఆ మోతకు రాజుగారు మంచం మీంచి దబ్బున కిందపడ్డాడు.

"ఆ వీధిని పీకి అడవి అవతల పారేయండి!" అని సభకొచ్చి హుంకరించాడు.

సభలో విదూషకుడు సింగనాచారి ఆ వీధిలోనే పుట్టినవాడు. చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"మహాప్రభూ, వీధి కదలాలా, మోత ఆగాలా?"

"మోత ఆగితే చాలు. ఆగదుగా! నా చెవులు చీమ నడక కూడా వింటాయి. అమావాస్యనాడు నా చెవిన పడకుండా తుపాకి పేల్చు. పడిందా, వీధి ఖాళీ!"

ఆచారి పరుగున అక్క బంగారమ్మ కొలిమికి వెళ్లాడు. తుపాకి మూతికి మెలికల దారులున్న గొట్టం తొడిగితే, పొగ వాటిలో తిరిగి తిరిగి నెమ్మదించి మోత తగ్గుతుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. చిక్కల్లా రంధ్రాలు తొలిచే బరమాతోనే. అది తిన్నగా తొలుస్తుందే గాని మలుపు తిరగదు. ముక్కలు చేసి అతికితే అతుకులు ఊడిపోతున్నాయి.

బంగారమ్మ వంటింట్లోంచి జంతికల గొట్టం పట్టుకొచ్చింది.

"దిమ్మను తొలిచి తొలిచి చచ్చాం కదరా తమ్ముడూ. ఇక తొలవొద్దు. పేర్చుకుంటూ పోదాం."

మెత్తటి మైనం అందులో పెట్టి నొక్కింది. తీగలా దిగిన మైనాన్ని చుట్టు మీద చుట్టు వేసింది, ఖాళీ కావలసిన చోట వదిలేసింది. లోపలా బయటా మట్టి పట్టించి కాల్చి, మైనం కరిగిపోయిన జాగాలో కంచు పోసింది. మట్టి రాల్చి చూస్తే లోపలంతా మెలికల దారులే, అతుకన్నది లేదు. ఏ దేశపు బరమా చేయగలదా పని! ఆచారికి ఛాతీ ఉప్పొంగింది.

"ఇది మన వీధి పని అక్కా!" అన్నాడు.

అమావాస్యనాడు మైదానంలో రాజు ముందు తెర కట్టారు. తెర అవతల తుపాకితో బంగారమ్మ, దూరంగా ఒక గుమ్మడికాయ. సభికులు రెండు వైపులా కనబడేలా పక్కన నిలబడ్డారు.

"మోత వినగానే చెయ్యెత్తుతా" అన్నాడు రాజు. ఎలాగైనా ఎత్తి తీరాలని వచ్చాడని అతని మీసమే చెబుతోంది.

"ముందు తమ బిరుదులు చదవడం మర్యాద ప్రభూ!" అంటూ ఆచారి వందిమాగధులకు సైగ చేశాడు. వాళ్లు గొంతెత్తారు. రాజు కళ్లు మూసుకుని తలాడించాడు.

బిరుదులు ముగిశాయి. "ఇక చిత్తగించండి" అన్నాడు ఆచారి. కాసేపటికే రాజు చెయ్యి లేచింది.

"విన్నాను! చెవులు గింగురుమన్నాయి! వీధి ఖాళీ చేయించండి!"

ఆచారి తెర తొలగించాడు. తుపాకి నేల మీద పెట్టి ఉంది. బంగారమ్మ తీరిగ్గా తాంబూలం నములుతోంది.

"ఇప్పుడేం పేలలేదు ప్రభూ. తమ బిరుదులు చదువుతుండగానే పేలింది. అదిగో గుమ్మడికాయ!"

గుమ్మడికాయ ముక్కలై పడి ఉంది. సభికులు నోటికి ఉత్తరీయాలు అడ్డంపెట్టుకున్నారు.

"ఆ గోలలో వినబడకపోతే గొప్పేముంది?" అని ఉరిమాడు రాజు.

"పాత తుపాకే అయితే, బిరుదులు చదివేవాళ్లే పారిపోయి ఉండేవారు ప్రభూ!"

రాజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. తన చేతి కడియం తీసి ఆచారికి తొడిగి, బంగారమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, నీవంటి పనిమంతురాలు కోటలో ఉండాలి. రాణివాసం పక్కనే మేడ కట్టిస్తాను, వచ్చెయ్యి."

బంగారమ్మ కొంగు దోపుకుంది.

"వీధిలో అందరికీ చాలేంత మేడైతే కట్టించండి దొరా. లేకపోతే మేమెక్కడికీ కదలం!"