పదకొండు సెకన్ల దొంగలు

అబద్ధాన్ని ఆమడ దూరం నుంచే పసిగట్టగల మనిషి అమెరికా మొత్తానికి ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ నేనే. కాకపోతే ప్రతి ఏప్రిల్ ఒకటో తారీకున "ఇవాళ మీ కాలేజీకి సెలవటరా" అని మా అమ్మ చెబుతుంది, నేను ప్రతి ఏడూ మళ్ళీ ముసుగు తన్ని పడుకుంటాను. కాబట్టి నా గొప్పలు ఇక్కడితో ఆపి, మా ఇంటి పెద్దమనుషులిద్దరి కథ చెబుతాను.

అమెరికా నడిమధ్యన బ్రాంబుల్ కౌంటీ అనే చిన్న జిల్లాలో, తన పార్టీ వాళ్ళు ఏం చెప్పినా నమ్మేసి, అవతలి పార్టీ వాళ్ళు ఇవాళ బుధవారం అన్నా క్యాలెండరు చూసుకునే మనిషి ఒకడు ఉండేవాడు. ఆయనే మా నాన్న పరంధామయ్య. పాతికేళ్ళు మందుల షాపు నడిపి, అమ్మేసి, ఇంట్లో కూర్చున్నాడు. మూడిళ్ళ అవతల మా అమ్మ తమ్ముడు కోదండపాణి ఉండేవాడు. మావయ్యదీ అదే జబ్బు, పార్టీ వేరు. నాన్న రిపబ్లికన్, మావయ్య డెమొక్రాట్. అక్కడ రిపబ్లికన్ల రంగు ఎరుపు, డెమొక్రాట్లది నీలం. ఎరుపనగానే మీకు గుర్తొచ్చే వాళ్ళు వేరు, వాళ్ళని కాసేపు మర్చిపోండి.

ఇద్దరికీ చెరొక వాట్సాప్ గ్రూపు ఉండేది. రాత్రి గ్రూపులో చదివింది పొద్దున్న మా ఇంట్లో కాఫీ దగ్గర ఒకరి మీద ఒకరు పోసుకునేవారు.

"బావా, మీ వాళ్ళు పోస్టు కవర్ల జిగురులో ఏదో కలిపారట. మా వాళ్ళ కవర్లే ఊడిపోతున్నాయి" అన్నాడు మావయ్య ఒకరోజు.

"మీ వాళ్ళకి నాలుక తడుపుకోవడం రాక. ముందు ఆ పెన్నుల సంగతి చెప్పు పాణీ. మా వాడి పేరు పక్కన గుర్తు పెడితే గంటలో సిరా మాయమైపోతోందట" అన్నాడు నాన్న.

"ఎవరు చెప్పారు?"

"చూసినవాళ్ళు."

"చూసిందెవరు?"

"చెప్పినవాళ్ళే."

మా అమ్మ హైమవతి ఇద్దరి ముందూ ఇడ్లీలు పెట్టి, "నమలండి. నమిలినంతసేపూ ఊరు ప్రశాంతంగా ఉంటుంది" అనేది.

ఇలాంటి ఇద్దరూ ఆ ఏడు ఎన్నికల ఆఫీసులో పనికి చేరారు. అవతలి వాళ్ళ దొంగతనం దగ్గరుండి పట్టుకోవాలని ఇద్దరి ఉద్దేశం. ఆ ఆఫీసు పెద్ద లోరెయిన్ విట్లాక్ అనే ఆవిడ. ఇరవయ్యారేళ్ళుగా అదే కుర్చీలో ఉంది. మా అమ్మ మొదటిసారి ఓటు వేసినప్పుడు, కంగారు పడుతుంటే కాగితం అందించి, "తొందరేం లేదు, ఇది మీదే" అన్న మనిషి. ఇంకో రెండేళ్ళలో పింఛను తీసుకుని కూతురి దగ్గరికి వెళ్ళిపోవాలని ఆవిడ ఆశ.

మా కౌంటీలో ఒక పద్ధతి ఉంది. ఎన్నికలకి రెండు వారాల ముందు నుంచీ జనం ఓటు కవర్లని ఊళ్ళో పెట్టిన ఇనప డబ్బాల్లో వేసి పోవచ్చు. రోజూ మధ్యాహ్నం ఆ డబ్బాలు తెరిచి, కవర్లు పెట్టెలోకి సర్ది, సీలు వేసి, ఆఫీసుకి చేర్చాలి. ఆ పనికి ఒక్కడు వెళ్ళకూడదు. ఈ పార్టీ మనిషి ఒకడు, ఆ పార్టీ మనిషి ఒకడు, ఇద్దరూ కలిసే పెట్టె మొయ్యాలి, ఒకే కారులో ఎక్కాలి. లోరెయిన్ గారు జాబితా చూసి, ఒకే వీధి వాళ్ళు కదా, పెట్రోలు కలిసొస్తుందని మా నాన్ననీ మావయ్యనీ జత కట్టింది. రెండు వారాలు ఇద్దరూ ఒకరి చేతుల మీద ఒకరు కన్నేసి ఉంచి, పెట్టెని పసిబిడ్డలా మోశారు.

మంగళవారం ఎన్నికలయ్యాయి. బుధవారం పొద్దున్న ఒక వీడియో ఊరంతా పాకింది. పదకొండు సెకన్లు. జోరున వాన. ఒక గోడ, ఒక బూడిదరంగు కారు. పసుపు రెయిన్‌కోట్లు వేసుకుని, తల మీదకి టోపీలు లాక్కున్న ఇద్దరు మనుషులు, వెనకనుంచి. వాళ్ళు ఒక పెట్టె మీద ఏదో గుడ్డ కప్పి, గబగబా డిక్కీలో పెట్టి, అటూ ఇటూ చూసి కారెక్కారు. అంతే.

నాన్న గ్రూపులో దాని కింద "డెమొక్రాట్లు మన ఓట్లు ఎత్తుకుపోతున్నారు" అని ఉంది. మావయ్య గ్రూపులో అదే వీడియో కింద "రిపబ్లికన్లు మన ఓట్లు ఎత్తుకుపోతున్నారు" అని ఉంది. ఇద్దరూ చెరో అరవై మందికి పంపి, ఫోను పట్టుకుని ఎదురుబొదురుగా కూర్చున్నారు.

"నడక చూడు బావా. ఆ పొట్టివాడి నడకలోనే దొంగతనం ఉంది" అన్నాడు మావయ్య.

"ఆ బట్టతలవాడు తక్కువ తిన్నాడా?" అన్నాడు నాన్న.

"టోపీ ఉంది కదా. బట్టతల అని నీకెలా తెలిసింది?"

"టోపీ కూర్చున్న తీరులో తెలుస్తుంది."

ఆ సాయంత్రానికి లోరెయిన్ గారి ఫోను ఆగకుండా మోగింది. కొందరు తిట్టారు, కొందరు ఆవిడ ఇంటి చిరునామానే బెదిరింపులా చదివి ఫోను పెట్టేశారు. ఎవరో ట్రక్కుతో ఆవిడ ఇంటి ముందు పోస్టు డబ్బాని గుద్ది వెళ్ళారు. వీడియో ఏ రోజుదో, ఏ డబ్బా దగ్గరో ఆవిడకీ తెలియలేదు. రెండు వారాలూ వానలే, ఐదు డబ్బాలు, ఏడు జతలు, అందరికీ అవే పసుపు కోట్లు. శుక్రవారం ఎన్నికల బోర్డు మీటింగు. ఆ ఇద్దరూ ఎవరో అప్పటికి తేలకపోతే ఆవిడని తీసేస్తారని అందరూ అనుకున్నారు. ఇంకెక్కడో ఎవరో పుట్టించిన మాటైతే నాన్న నవ్వేవాడేమో. ఇది సొంత గ్రూపులో వచ్చింది కాబట్టి, "పాపం ఆవిడ మంచిదే, కానీ మంచివాళ్ళని కూడా కొనేస్తార్రా" అన్నాడు.

గురువారం మా అమ్మ కూరగాయలు తరుగుతూ, పక్కన పెట్టిన నాన్న ఫోను వంక చూసింది. వీడియో తిరుగుతోంది. కత్తి కింద పెట్టింది. మళ్ళీ చూసింది.

"ఏవండీ, ఇది మా అమ్మ కుట్టిన బొంత."

"ఏది?"

"ఆ పెట్టె మీద కప్పింది. ఈ మూల పచ్చ గళ్ళ అతుకు చూడండి. అది మీ లుంగీ. చిరిగిపోతే నేనే వేశాను. బొంత మన కారు డిక్కీలో కదా ఉంటుంది."

నాన్న కళ్ళజోడు పెట్టుకున్నాడు. తీశాడు. మావయ్యని పిలిపించాడు. ఇద్దరూ ఆ పదకొండు సెకన్లనీ ఇరవైసార్లు చూశారు.

"పోయిన సోమవారం లైబ్రరీ దగ్గర ప్లాస్టిక్ కవరు చిరిగిపోయింది. కవర్లు తడుస్తాయని నేనే బొంత కప్పాను, బావా" అన్నాడు మావయ్య నెమ్మదిగా.

"కాదు. ఇది కంప్యూటర్‌లో చేసిన వీడియో" అన్నాడు నాన్న.

"కంప్యూటరుకి మీ లుంగీ సంగతెలా తెలుసు?" అంది అమ్మ.

"నా వీపు అంత వెడల్పు లేదు."

"పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నాను. ఉంది."

తన వీపుని తనెప్పుడూ చూసుకోలేదన్న సంగతి నాన్నకి ఆ క్షణమే తట్టినట్టుంది. అసలు చిక్కు తర్వాత మొదలైంది. లేచి నిలబడి "ఆ దొంగలం మేమే" అంటే గ్రూపులో ముఖం చూపించలేడు. ఆ నెలే ఆయన్ని గ్రూపుకి పెద్దని చేశారు. మావయ్యదీ అదే బెంగ.

"వాళ్ళకి చెబితే నన్ను అమ్ముడుపోయాడంటారు, హైమా" అన్నాడు నాన్న.

"చెప్పకపోతే ఆవిడ ఉద్యోగం పోతుంది. నా చేతికి మొదటి ఓటు కాగితం ఇచ్చిన మనిషి" అని అమ్మ మళ్ళీ కత్తి తీసుకుంది. వంకాయ ముక్కలు ఆ రోజు మరీ చిన్నవిగా పడ్డాయి.

శుక్రవారం హాలు నిండిపోయింది. ఒక పక్క ఎర్ర టోపీలు, ఇంకో పక్క నీలం బ్యాడ్జీలు. ముందు వరసలో లోరెయిన్ గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఛైర్మన్ ఆవిడ పేరు చదవబోతుంటే, మా నాన్నా మావయ్యా లేచారు. ఇద్దరూ పసుపు కోట్లు వేసుకుని వచ్చారు. ఖాళీ పెట్టె మీద బొంత కప్పి, జనానికి వీపులు తిప్పి, చెరోవైపు పట్టుకుని నాలుగడుగులు నడిచారు. గోడ మీద వీడియో వేశారు. అదే వెడల్పు, అదే పొట్టివాడి నడక, అదే లుంగీ.

"పరంధామయ్యా, నిన్ను ఎంతకి కొన్నారు?" అని ఎర్ర టోపీల్లోంచి ఒకడు అడిగాడు.

"నాకు పైసా ముట్టలేదు. నా పక్కనున్నది డెమొక్రాట్. నేను కవరు దొంగిలిస్తే వాడు ఊరుకోడు, వాడు దొంగిలిస్తే నేను ఊరుకోను. ఈ పద్ధతి పెట్టిందే అందుకు. అది తెలిసి కూడా నా వీడియోని నేనే అరవై మందికి పంపాను" అన్నాడు నాన్న.

"నేను అరవై రెండు మందికి" అన్నాడు మావయ్య. అందులోనూ పోటీయే.

ఆ సోమవారపు సీలు నంబరూ, ఇద్దరి సంతకాలూ ఆఫీసు పుస్తకంలో దొరికాయి. లోరెయిన్ గారి ఉద్యోగం నిలిచింది. ఆవిడ లేచి ఇద్దరికీ చెయ్యి ఇచ్చింది.

ఆ సాయంత్రమే రెండు గ్రూపుల్లోంచీ ఇద్దర్నీ తీసేశారు. నాన్న గ్రూపులో కొత్త కథ పుట్టింది. అసలు పరంధామయ్యని ఎక్కడో దాచి, అచ్చం అలాంటివాణ్ణే తెచ్చి పెట్టారట. "అయితే ఈ కొత్తాయన అంట్లు తోముతాడేమో చూద్దాం" అంది అమ్మ. తోమలేదు. ఆయనే మా నాన్న అని తేలిపోయింది.

కాఫీ దగ్గర నాన్న అన్నాడు, "అంతా సరే పాణీ, ఆ వీడియో తీసినవాడెవడో. దీని వెనక పెద్ద బుర్ర ఉంది."

"శిక్షణ పొందినవాడే, బావా" అన్నాడు మావయ్య. రాజకీయాల్లో వాళ్ళిద్దరి మాటా కలవడం అదే మొదలు.

నేను ఇడ్లీ వంక చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే ఆ పెద్ద బుర్ర నాదే. ఆ సోమవారం లైబ్రరీ ఎదురుగా బస్టాపులో చిప్స్ తింటున్నాను. ఇద్దరూ బొంత కప్పి పరుగెత్తుతుంటే నవ్వొచ్చి, ఫోన్‌లో తీసి, "పట్టపగలు ఓట్ల పెట్టె మాయం" అని రాసి, ముగ్గురు స్నేహితులకి పంపాను. ఆ మాట పక్కన నాలుగు నవ్వు బొమ్మలు కూడా పెట్టాను. వాళ్ళు ఇంకొకరికి పంపారు. చేతులు మారేకొద్దీ నవ్వు బొమ్మలు రాలిపోయాయి, దొంగతనం మాత్రం మిగిలింది. అది నా వీడియోనేనని బుధవారం పొద్దున్నే నాకు తెలుసు. గురువారం అమ్మ బొంత గుర్తుపట్టాక కూడా నోరు విప్పలేదు. మీటింగులో "వీడియో తీసిందెవరు?" అని ఛైర్మన్ అడిగితే, బూటు లేసు మూడుసార్లు కట్టుకున్నాను.

శనివారం లోరెయిన్ గారింటికి వెళ్ళి చెప్పాను. ఆవిడ "మీ నాన్నకి చెప్పావా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. ఇప్పటికి ఏడు నెలలైంది. నాన్నా, మావయ్యా, ఇదిగో ఇప్పుడు చెబుతున్నాను.

ఇందులో నీతి ఏమిటంటే, అవతలివాళ్ళు దొంగలని చెప్పే మాట మన మనసుకి ఎంత హాయిగా ఉంటే దాన్ని అంత గట్టిగా విచారించాలి. సరదాకి అబద్ధం వదిలినవాడు, అది ఇంకొకరి గుమ్మం తొక్కకముందే నిజం ఒప్పుకోవాలి.