తాతాజీ మాస్టారి గాజు గ్లాసు

ఆకివీడు దాటాక కొర్రమీను పిల్లల్ని పెంచే షెడ్డొకటి ఉంది. దాని పెద్ద తాతాజీ మాస్టారు. ప్రశ్నకి తిన్నగా జవాబివ్వడం ఆయన ఒంట్లో లేదు. రోజూ పొద్దున్నే షెడ్డు వెనకున్న గుంట దగ్గరికి వెళ్తారు. పేడా, తవుడూ వేసి మురగబెట్టిన పచ్చనీళ్ళ గుంట అది. చెప్పొద్దూ, కంపే కంపు. అందులో గాజు గ్లాసు ముంచి ఎండకేసి పట్టుకుంటారు. తెల్లటి నలుసుల్లాంటి నీటి పురుగులు గంతులేస్తూ కనపడితే, "టిఫిను తయారు" అంటారు. చేప పిల్లలకి లెండి!

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న తాయారు చేపల పెంపకంలో డిప్లొమా చేసిన పిల్ల. ఓ రోజు అడగనే అడిగింది.

"మాస్టారూ, మేత బస్తా మీద నలభై ఐదు శాతం ప్రోటీనని అచ్చేసి ఉంది. మీ పురుగుల్లో చూస్తే ముప్పాతిక పైగా నీళ్ళే. ఇంకా ఈ కంపెందుకండీ?"

"నిజమే సుమా!" అన్నారాయన. "రెండు వారాల పిల్లలున్నాయిగా, ఒక తొట్టి నువ్వు చూసుకో. పది రోజులకి నీ పిల్లలు నిలబడితే గుంట పూడ్పించేసి షెడ్డు తాళం నీ చేతిలో పెడతాను."

ఆ తాళం మీద తాయారుకి ఎంత ఆశో షెడ్డులో పనిచేసే మా అందరికీ తెలుసు. నీళ్ళని నాలుగు మడతల పంచె గుడ్డలో వడగట్టింది. తొట్టి అడుగున పావలా వేస్తే బొమ్మో బొరుసో చెప్పొచ్చు, అంత తేట! గంటగంటకీ పొడి మేత చల్లింది. అది మెల్లగా అడుక్కి దిగిపోయేది.

నాలుగో రోజుకి పిల్లలు పలచబడ్డాయి. చచ్చి తేలినది ఒక్కటీ లేదు. పిట్ట పనే అనుకుని వల కప్పింది. పాము పనేమోనని కన్నాలన్నీ మూసింది. గొడుగేసుకుని తొట్టి పక్కనే కాపలా కూర్చుంది. ఉన్నవాటిలో కొన్ని గుండ్రంగా బలిశాయని కాస్త మురిసింది కూడాను, పాపం.

ఆరో రోజు మాస్టారి దగ్గరికెళ్ళి, "సగం పోయాయండీ. దొంగెవడో తెలియడం లేదు" అంది.

ఆయన గ్లాసు కడిగి, ఆమె తొట్టిలో ముంచి ఎండకి పట్టారు. అందులో ఒకటే పిల్ల. దాని నోట్లోంచి ఇంకో పిల్ల తోక బయటికుంది, ఇంకా కొట్టుకుంటోంది.

"అయ్యయ్యో! తోబుట్టువునేనా?"

"నీ తొట్టిలో కదిలింది అదొక్కటేగా, అమ్మా."

తాయారు కొంగు దోపుకుని, బిందె పట్టుకుని గుంటలోకి మోకాలి లోతున దిగింది. పచ్చనీళ్ళు తెచ్చి తొట్టిలో పోసింది. ఒకదాని వెంట ఒకటి పడి తరుముకుంటున్న పిల్లలు చప్పున విడిపోయి, నలుసుల మీదికి ఎగబడ్డాయి. తాయారు ఖాళీ బిందె పక్కన పెట్టింది. తర్వాత, "ఇంక తాళం మాట ఎత్తనండీ" అంది తల దించుకుని.

మాస్టారు గ్లాసు తుడిచి ఆమె చేతిలో పెట్టారు.

"రేపు పొద్దున నువ్వు ముంచు."