గుడ్డకు అతుక్కుపోయిన మేకతల్లి

అనగనగా ఒక ఊళ్ళో, అంటే మరీ రాజుల కాలం కాదు బిడ్డా, పందొమ్మిది వందల తొంభై ఏడో సంవత్సరంలో, చింతకాయలు రాలే కాలంలో, సాయిలు అని ఒకాయన ఉండేవాడు. అటు జరిగి పడుకో, చెప్తాను.

సాయిలు వాళ్ళది పటం కథ చెప్పే ఇల్లు. పటం అంటే పొడుగాటి గుడ్డ. పైనుంచి కింది దాకా దాని నిండా బొమ్మలుంటాయి. రెండు గుంజల మధ్య దాన్ని వేలాడదీసి, పుల్లతో ఒక్కో బొమ్మనూ చూపిస్తూ, పాడుతూ కథ చెప్పేవాళ్ళు. సాయిలు తాత అట్లాగే చెప్పాడు. అప్పుడు తండ్రి చెప్పాడు. ఆ తర్వాత సాయిలు చెప్పాడు. ముగ్గురిలో ఒక్కరికీ అక్షరం ముక్క రాదు. బొమ్మను చూస్తే చాలు, కథ నోట్లోకి వచ్చేది.

"ఏడు తరాల నుంచి బొమ్మలు చదివినోళ్ళం. మాకు అక్షరాలెందుకు?" అనేవాడు సాయిలు. ఎడ్డెమంటే తెడ్డెమనే రకం. ఆయన పట్టు పట్టాడంటే ఎద్దు కూడా పక్కకు తప్పుకునేది.

ఆయన భార్య పేరు రాజవ్వ. వాళ్ళకు ఒక్కతే బిడ్డ, స్వరూప. దానికి ఐదేళ్ళు.

ఆ ఏడు ఆ ఊరి బాలవాడికి, అంటే చిన్నపిల్లల బడికి, ఒక రేకుపెట్టె వచ్చింది. పెట్టెలో బొమ్మల పుస్తకాలు పన్నెండు ఉన్నాయి. అప్పుడు ప్రమీల టీచరమ్మ పిల్లల అమ్మలనూ నాన్నలనూ పిలిచింది.

"ఇంటికి ఒక పుస్తకం తీసుకపోండి. వారం రోజులు పిల్లను ఒళ్ళో కూచోబెట్టుకొని చదవండి. శనివారం నాడు వచ్చి, ఇది మాకు నచ్చిందని అందరి ముందు చదివి వినిపించండి. ఆ తర్వాత అది ఇంకో ఇంటికి పోతది," అని చెప్పింది.

స్వరూప పెట్టెలో చెయ్యి పెట్టి మేకపిల్ల పుస్తకం తీసుకుంది. దాని వెనక వంతు నసీమది. నసీమ అంటే దూదేకుల వాళ్ళ పిల్ల, స్వరూపకు జతగత్తె. ఆ పిల్ల రోజూ వచ్చి, పుస్తకం బాగుందా లేదా చూసి, ముట్టుకోకుండా వెళ్ళిపోయేది.

మొదటి రోజు సాయంత్రం స్వరూప తండ్రి ఒళ్ళో కూర్చుంది. సాయిలు బొమ్మలు చూశాడు. మేకపిల్ల జాతరకు పోయిందని కథ చెప్పాడు. బిడ్డ కిలకిలా నవ్వింది.

రెండో రోజు మేకపిల్ల లగ్గానికి పోయిందని చెప్పాడు. బిడ్డ నవ్వలేదు, ఆలోచన చేసింది.

మూడో రోజు మేకపిల్ల దొంగను పట్టడానికి పోయింది. అప్పుడు బిడ్డ అడ్డం తగిలింది.

"బాపూ, మొన్న జాతరకు పోయింది గద?"

"మేక ఊకుంటదా బిడ్డా, దినానికో తాన పోతది."

"నసీమ వాళ్ళమ్మ చదివితే రోజూ ఒక్క తాన్నే పోతది. కింద ఏలు పెట్టి చదువుతది. నువ్వు ఏలు పెట్టవేంది?"

సాయిలు పుస్తకం మూసి, ఆకలేస్తుందని లేచాడు. అప్పుడే తిన్నాడు మరి.

అప్పుడు ఆయనకు శనివారం గుర్తొచ్చింది. అందరి ముందు వేలు ఎక్కడ పెట్టాలి? ఊరూరా వందల మంది ముందు పాడినవాడు, పది మంది తల్లుల ముందు కూర్చోవడానికి భయపడ్డాడు.

శుక్రవారం పొద్దున ఆయనకో ఉపాయం తట్టింది. పుస్తకాన్ని పటం చేస్తే? పటానికి వేలు అక్కర్లేదు, పుల్ల చాలు.

రాజవ్వ బాయికాడికి పోయింది. స్వరూప బాలవాడికి పోయింది. సాయిలు చింతగింజల పిండి ఉడకబెట్టి జిగురు చేశాడు. పటం చిరిగితే వాళ్ళు అతుకులేసే జిగురు అదే. ఒక్కసారి పట్టిందంటే గుడ్డ పోవాలే గానీ జిగురు పోదు.

పుస్తకంలో బొమ్మలు లెక్కపెట్టాడు. పదహారు. పదహారు బొమ్మలకు సరిపడా గుడ్డ కొలిచి కోశాడు. అప్పుడు పుస్తకం పిన్నులు పీకాడు. ఆ తర్వాత కాగితాలను నడిమికి కోశాడు. ఆ తర్వాత, ఇది చెప్పాలంటే నాకే నోరు రావట్లేదు బిడ్డా, ప్రతి కాగితం కింది అంచునూ, అక్షరాలున్న అంచునూ, కత్తెరతో కోసి పొయ్యిలో వేశాడు. అక్షరాలే లేకపోతే చదవమని ఎవరంటారు?

జిగురు ఆరిపోతుందని తొందర. చేతికి వచ్చిన కాగితాన్ని వచ్చినట్టే అద్దాడు. ఒకటి, రెండు, మూడు. ఎనిమిది అద్దేసరికి కాగితాలు అయిపోయాయి. సగం గుడ్డ ఖాళీగా ఉంది.

సాయిలు చాప కింద వెతికాడు. కత్తెర కింద వెతికాడు. తాను కూర్చున్న చోట లేచి కూడా వెతికాడు. మిగతా ఎనిమిది బొమ్మలు ఎక్కడా లేవు.

రాజవ్వ నీళ్ళ బిందెతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏం దేవులాడుతున్నవయ్యా?"

"ఎనిమిది బొమ్మలు కానొస్తలేవు."

రాజవ్వ గుడ్డను చూసింది, పొయ్యిని చూసింది, మొగుణ్ణి చూసింది.

"కాగితానికి ఈపు మీద కూడా బొమ్మ ఉంటదని ఎరుకలేదా? మూడు దినాలు తిప్పితివి గద."

"పటానికి ఈపు మీద బొమ్మ ఎవడేస్తడే?" అన్నాడు సాయిలు. అన్న తర్వాత తన మాట తనకే వినబడింది.

ఒక కాగితం గోరుతో లేపి చూశాడు. కాగితం రెండు పొరలై చిరిగింది. వెనక బొమ్మ గుడ్డకే ఉండిపోయింది. ఇక ముట్టుకోలేదు.

అన్నిటికంటే కింద ఉన్నది ఎనిమిదో కాగితం. దాని ముందు వైపు, మేకపిల్ల రేగుచెట్టు కింద వానలో తడుస్తూ ఏడుస్తోంది. వెనక వైపు, తల్లిమేక వచ్చి దాన్ని నాకుతోంది. తల్లిమేక గుడ్డకు అతుక్కుపోయింది.

శనివారం వచ్చింది. ముందు నసీమ వాళ్ళమ్మ తన చేతిలోని పుస్తకం చదివింది, వేలు పెట్టి గడగడా. ఆ తర్వాత కండక్టరు వీరేశం చదివాడు, తడుముకుంటూ, చెమట తుడుచుకుంటూ. ఆ తర్వాత సాయిలు లేచి, ఖాళీ సగాన్ని చుట్టిపెట్టి, బొమ్మల సగాన్ని గోడకు వేలాడదీశాడు.

పాడితే ఏం పాడాడు బిడ్డా. పిల్లలు నోళ్ళు తెరిచారు. తల్లులు చంటిపిల్లలకు పాలివ్వడం మరిచారు. ఎనిమిదో బొమ్మ దగ్గర సాయిలు పాట ఆగింది.

"వాళ్ళమ్మ వచ్చిందా?" అని ఒక పిల్ల అడిగింది.

"వచ్చింది," అన్నాడు సాయిలు.

"ఏది? చూపియ్యి."

అప్పుడు టీచరమ్మ దగ్గరకు వచ్చి చేత్తో తడిమి చూసింది. "సాయిలన్నా, ఇది మన పుస్తకమే గదా. ఎట్లయింది ఇట్ల?"

నసీమ లేచి నిలబడింది. అందరూ సాయిలునే చూస్తున్నారు. స్వరూప కూడా చూస్తోంది.

సాయిలు అన్నాడు, "నా బిడ్డ చింపింది టీచరమ్మా. పారేయబుద్ధిగాక గుడ్డకు అతికిచ్చిన."

అయ్యో పాపం, ఎంత ఓపికగా అతికించాడో అన్నారు తల్లులు. వీరేశం ఆయన వీపు తట్టాడు. "పొల్లకు రెండు తగిలియ్యకపోతివి," అన్నాడు నవ్వుతూ. నసీమ పోయి వాళ్ళమ్మ కొంగులో మొహం దాచుకుంది.

స్వరూప ఏడవలేదు. కాదనలేదు. తండ్రిని చూస్తూ ఉండిపోయింది. రాజవ్వ కూడా అక్కడే ఉంది. ఆమెకు అంతా తెలుసు. ఆమె కూడా నోరు విప్పలేదు. ఆ సిగ్గులో ఆమెకూ వాటా ఉంది.

పుస్తకం చింపిన చేతికి మళ్ళీ పుస్తకం లేదని టీచరమ్మ అందరికీ చెప్పింది. చెప్పకపోతే పెట్టె ఖాళీ అవుతుంది, ఆమె తప్పేమీ లేదు.

ఆ తర్వాతి శనివారం అందరి చేతుల్లో పుస్తకాలున్నాయి, స్వరూప చేతులు ఒళ్ళో ఉన్నాయి. రెండో శనివారం అది చేతులు తొడల కింద పెట్టుకొని, వాటి మీదే కూర్చుంది. మూడో శనివారం కడుపునొస్తుందని ఇంట్లోనే పడుకుంది. సాయిలు దాని పొట్ట మీద చెయ్యి వేయబోతే, గోడ వైపు తిరిగింది.

సాయిలు గొడ్డుకారం ముద్ద మింగినట్టు వారమంతా తిరిగాడు. దారిలో టీచరమ్మ కనబడితే సందులోకి తప్పుకున్నాడు. నసీమ కనబడితే తల దించుకున్నాడు. ఇంట్లో మాత్రం తప్పుకోవడానికి సందు లేదు.

నాలుగో శనివారం బిడ్డను చంకనేసుకొని బాలవాడికి పోయాడు. అందరూ కూర్చున్నాక నిలబడ్డాడు. పటం కథ చెప్పే గొంతు ఎటు పోయిందో, పిల్లి గొంతు వచ్చింది.

"చింపింది నా బిడ్డ కాదు. నేనే. అక్షరాలు కోసి పొయ్యిల ఏసింది గూడ నేనే. నాకు చదువు రాదు. చెప్పుకోను సిగ్గయి బిడ్డ మీదికి తోసిన."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది ఆయనకు. వీరేశం తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

టీచరమ్మ స్వరూప దగ్గరకు వచ్చి కింద కూర్చుంది. "నేను గూడ నిన్ను అడగలేదు గద తల్లీ," అని పెట్టె తెరిచింది. స్వరూప ఒక పుస్తకం తీసుకుంది. తీసుకొని నసీమ పక్కన పోయి కూర్చుంది, తండ్రి పక్కన కాదు.

అటువంటి మేకపిల్ల పుస్తకం ఇంకోటి తెప్పిద్దామని సాయిలు అడిగాడు. టీచరమ్మ రెండు ఉత్తరాలు రాసింది. ఆ పుస్తకం మళ్ళీ అచ్చు కాలేదని జవాబు వచ్చింది. నసీమకు దాని వంతు రానేలేదు.

అప్పుడు సాయిలు పలక పట్టాడు. పొద్దంతా పని చేసి, దీపాలు పెట్టాక రాత్రిబడిలో ముసలమ్మల పక్కన కూర్చొని ఉగాది నుంచి దసరా దాకా దిద్దాడు. అక్షరం వంకర పోతే చెరిపి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపేవాడు. ఆ మొండితనం అక్కడ పనికొచ్చింది.

దసరా పోయిన వారం బిడ్డ పక్కన కూర్చున్నాడు. పుస్తకం తెరిచి, వేలు పెట్టాడు. ఒక వాక్యం చదివాడు, మెల్లగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. అప్పటికే నసీమ పక్కన కూర్చొని అక్షరాలు నేర్చుకున్న స్వరూప ఓపికగా విన్నది. ఆ తర్వాత పుస్తకం ఆయన చేతిలోంచి తీసుకుంది.

"నాకొస్తది బాపూ. నేనే చదువుకుంట."

కోపంగా అనలేదు. పక్కింటి మనిషికి చెప్పినట్టు చెప్పింది. వెలుతురు వైపు తిరిగి, తానే వేలు పెట్టుకొని చదువుకుంది. సాయిలు వేలు చాప మీద అట్లాగే ఉండిపోయింది.

ఆ గుడ్డ ఎక్కడుందంటావా? మన అటక మీదే ఉంది, చుట్టచుట్టి. సగం ఇంకా ఖాళీయే. మీ అమ్మను అడగకు. తాతను అసలే అడగకు.

మీ తాత ఇప్పుడు పేపరు చదువుతాడు, ఉత్తరం చదువుతాడు, గోడ మీద రాసింది కూడా చదువుతాడు. తన బిడ్డకు మాత్రం ఒక్క పుస్తకం కూడా చదివి వినిపించలేదు.

కథ పోయె కంచికి,
మనం వస్తిమి ఇంటికి,
మేకపిల్ల ముంగిటికి
తల్లి రాలేదీనాటికి.