గవరయ్య ఇంటి సౌండు బాక్సులు

గవరయ్య ఇంట్లో వాళ్ళకి తెలివి ఎక్కువ. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకునేవాళ్ళు. మేనత్త అచ్చియ్యమ్మ అయితే, ఉన్న తెలివంతా రోజూ వాడెయ్యొద్దని, అరిగిపోతుందని, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ దాచుకోమని మేనల్లుళ్ళిద్దరికీ చెబుతూ ఉండేది. పెద్దవాడు గవరయ్య, రెండోవాడు పోలయ్య. ఇద్దరూ అత్త మాట జవదాటేవాళ్ళు కాదు. అంచేత మామూలు రోజుల్లో తెలివి జోలికే పోయేవాళ్ళు కాదు.

వాళ్ళకో చెల్లెలు, వరాలు. ఆ పిల్లకి డాన్సంటే ప్రాణం. చీపురు చేతికిస్తే ఇల్లు ఊడ్చేది కాదు, చీపురుతో డాన్సు చేసేది. పక్కింట్లో పాట వినబడితే పొయ్యి మీద కూర మాడిపోవాల్సిందే. ఆ వరాలుకి కొత్తరేవు నుంచి సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు గంగరాజు లారీ డ్రైవరు, వాడికీ కాలు నిలవదు. ఇద్దరికీ చక్కగా సరిపోయింది.

తాంబూలాలు పుచ్చుకున్న రోజు, పెళ్ళికొడుకు తండ్రి దాలినాయుడు ఒకే ఒక్క కోరిక కోరాడు. భోజనాలు ఎలా ఉన్నా సర్దుకుంటాం, తాళి కట్టాక మా కుర్రాళ్ళు డాన్సు చెయ్యాలి, సౌండు మాత్రం బాగుండాలి అన్నాడు. వాళ్ళ పెద్దబ్బాయి పెళ్ళిలో అద్దెకి తెచ్చిన బాక్సులు పాట మధ్యలో ఆగిపోయాయట. ఊరంతా ఏడాదిపాటు నవ్విందట. మళ్ళీ అలా జరిగితే మాకు తలెత్తుకునే దారి ఉండదని చెప్పి వెళ్ళాడు.

అంతే. ఆ సాయంత్రమే ఇంట్లో తెలివి బయటికి తీశారు. అద్దె బాక్సుల్లో అందరి పెళ్ళిళ్ళ పాటలూ కొంచెం కొంచెం మిగిలి ఉంటాయని, అది ఎంగిలి సౌండని అచ్చియ్యమ్మ తేల్చింది. వరాలు అన్నల దగ్గర కూర్చుని మెల్లిగా అడిగింది.

"నాకు గొలుసులూ గాజులూ ఏమీ వద్దన్నయ్యా. మనింటి బాక్సుల మీద ఒక్కసారి డాన్సు చేసి అత్తారింటికి వెళ్ళిపోతాను."

చెల్లెలు అలా అడిగితే ఏ అన్న కాదంటాడు. తెల్లారగానే ఇద్దరూ బజారుకి బయల్దేరారు.

బజార్లో మస్తాన్ అని రేడియోలూ ఆంప్లిఫయర్లూ బాగుచేసే మేస్త్రి ఉన్నాడు. మంచివాడు. పనిలో పడి గబగబా మాట్లాడేస్తాడు, అదొక్కటే చిక్కు. పెద్ద పెద్ద పాత స్పీకర్లు రెండు చూపించి, ఇవి తీసుకోండి, వీటి పేపరు పాతబడింది గానీ కొత్త పేపరు వేస్తే బ్రహ్మాండంగా పలుకుతాయి అన్నాడు. స్పీకరు మధ్యలో నల్లగా, గరాటులా ఉంటుందే, దాన్ని ఆ పనివాళ్ళు పేపరంటారు. ఆ సంగతి వీళ్ళకి తెలీదు, ఆయన చెప్పలేదు. వీటికి గట్టి చెక్కతో బాక్సు చేయించండి, బాక్సు ఊపిరి పీల్చుకోవాలి గనక ముందువైపు కన్నం ఉంచండి, బేసు మాత్రం బలంగా ఉండాలి, బేసు లేకపోతే డాన్సే లేదు అని కూడా చెప్పాడు. అన్నదమ్ములు మూడు మాటలూ దారిపొడుగునా వల్లించుకుంటూ వచ్చారు.

ఇంకేముంది, మర్నాటి నుంచి పోలయ్య పొద్దున్నే కాఫీ హోటల్‌కి పోయి ఆ రోజు పేపరు తెచ్చి, గంజి రాసి స్పీకర్లకి అంటించడం మొదలెట్టాడు. నిన్నటిది పాతబడుతుంది గనక పీకేసి ఈ రోజుది అంటించేవాడు. పండగ మర్నాడు పేపరు రాకపోతే ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. పాతదే ఉంచి, ఈ పూటకి సర్దుకోమని అచ్చియ్యమ్మ స్పీకర్లని బతిమాలింది.

వడ్రంగి బాక్సులు చేసుకొచ్చి వాటిలో స్పీకర్లు బిగించాడు. ముందువైపు ఒక్కో కన్నం పెట్టాడు. అచ్చియ్యమ్మ చూసి, ఊపిరి పీల్చే వాళ్ళకి ముక్కుకి రెండు కన్నాలు ఉండొద్దా అని నిలదీసింది. వడ్రంగి గొడవెందుకని ఇంకో కన్నం పెట్టి పోయాడు. ఆ వారం చలిగాలి వేస్తే ఆవిడ బాక్సుల ముక్కులకి జలుబు మందు రాసింది.

ఇక బేసు. గవరయ్య తాపీమేస్త్రిని పిలిచి బేసు వెయ్యమన్నాడు. దేనికి అని అడిగితే సౌండుకి అన్నాడు. ఇచ్చిన పని చెయ్యడం అలవాటైన మనిషి, నడుము లోతు తవ్వి, కంకర పోసి, సిమెంటు కలిపి, బాక్సులు రెండూ మోకాళ్ళదాకా పాతేశాడు. తూర్పుముఖం మంచిదని అచ్చియ్యమ్మ చెబితే తూర్పు తిప్పి పాతాడు. సిమెంటు గట్టిపడ్డాక చూస్తే బాక్సుల ఎదురుగా గేదెలపాక ఉంది. పెళ్ళిపందిరి వేయాల్సింది పడమటి వైపు వీధిలో.

ఇద్దరూ బాక్సుల్ని పట్టుకుని లాగారు. కదల్లేదు. బేసు అంత బలంగా కుదిరినందుకు గవరయ్యకి సంతోషం వేసింది. బాక్సుని తిప్పలేం గానీ పెళ్ళిని తిప్పొచ్చు కదా అన్నాడు పోలయ్య. నిజమే కదా అనుకుని గేదెల్ని వీధిలో కట్టేసి, పాకకి మామిడి తోరణాలు కట్టారు. మగపెళ్ళివారు వెనక దారిన రావాలని కొత్తరేవుకి కబురు పెట్టారు.

పెళ్ళికి ముందురోజు మస్తాన్ ఆంప్లిఫయరు పట్టుకుని వచ్చాడు. సిమెంట్లో నిలబడ్డ బాక్సుల్నీ, వాటి మొహాన ఉన్న ఆ రోజు వార్తల్నీ చూసి అరుగు మీద కూలబడ్డాడు. మంచినీళ్ళు తాగి, తేరుకుని, పేపరు పీకేసి, కడిగి, తన దగ్గరున్న అసలు పేపర్లు వేసి బిగించాడు. వైర్లు లాగాడు. ఎర్తు ఇవ్వకపోతే షాకు కొడుతుంది, ముందు దీనికి ఎర్తు ఇవ్వాలి అన్నాడు. ఎర్తంటే ఏమిటని అడిగాడు గవరయ్య. భూమి అని చెప్పి, మస్తాన్ ఇనపకడ్డీ తేవడానికి బజారుకి పోయాడు.

బాక్సులకి భూమి ఇవ్వాలి. ఉన్నదే కొంచెం. ఇవ్వకపోతే పెళ్ళికొచ్చిన వాళ్ళకి షాకు కొడుతుంది. అచ్చియ్యమ్మ చాలాసేపు ఆలోచించి, కాలవ పక్క మిరపచేను ఇచ్చెయ్యమంది. అది పోలయ్య చెమటోడ్చి బాగుచేసుకున్న భూమి చెక్క. అయినా వాడు ఎదురు చెప్పలేదు. పొలంలోంచి గట్టురాయి పీక్కొచ్చి బాక్సుల ముందు పెట్టి, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇవాళ్టి నుంచి మిరపచేను మీదే. నీళ్ళు రోజు విడిచి రోజు పెట్టండి, లేకపోతే వడిలిపోతుంది" అని బాక్సులకి అప్పజెప్పాడు.

మస్తాన్ వచ్చేసరికి ఎర్తు ఇచ్చేశామని చెప్పారు. ఎక్కడిచ్చారని అడిగితే కాలవ దగ్గర అన్నారు. ఆయన ఓసారి కాలవ వైపు చూశాడు. తనే కడ్డీ భూమిలో దిగ్గొట్టి వైరు కట్టుకున్నాడు. పోతూ పోతూ రెండు పిన్నులు గవరయ్య చేతిలో పెట్టి, ఇది మగపిన్ను, ఇది ఆడపిన్ను, రేపు తాళి కట్టాక ఈ రెండూ కలపండి, పాట వస్తుంది అని చెప్పి వెళ్ళాడు.

గవరయ్య ఆ మాట ఇంట్లో చెప్పేసరికి అచ్చియ్యమ్మ చెవులు మూసుకుంది. పెళ్ళి కాని ఆడపిన్నునీ మగపిన్నునీ పెళ్ళింట్లో అందరి ముందూ కలిపితే మగపెళ్ళివారు ఏమనుకుంటారంది. అయితే పెళ్ళి చేసేద్దాం అన్నాడు పోలయ్య. చేద్దాం గానీ రెండూ ఒకే కొట్లోంచి వచ్చాయి, అన్నాచెల్లెళ్ళయితేనో అని గవరయ్యకి అనుమానం వచ్చింది. మస్తాన్‌కి ఫోను చేసి, ఈ పిన్నులు రెండూ ఏ ఊరివని అడిగాడు. ఒకటి ఢిల్లీ సరుకు, ఇంకోటి మద్రాసు సరుకు అన్నాడాయన. అంతదూరపు వాళ్ళకి చుట్టరికం ఉండదని అందరి మనసూ కుదుటపడింది.

మర్నాడు ఉదయం వరాలు పెళ్ళికి ముందే పిన్నుల పెళ్ళి జరిగింది. పసుపునీళ్ళతో మంగళస్నానం చేయించారు. జీలకర్రా బెల్లం పెట్టారు. తడి తలంబ్రాలు దోసిళ్ళతో పోశారు. ఆడపిన్ను తరఫున అచ్చియ్యమ్మ కాసేపు ఏడ్చింది కూడా.

తర్వాత వరాలు మెళ్ళో గంగరాజు తాళి కట్టాడు. గేదెలపాకలో పెళ్ళేమిటని మగపెళ్ళివారు మొదట మొహాలు చూసుకున్నా, దాలినాయుడు ఒక్కటే మాట అన్నాడట, సౌండు కోసమే కదా అని. ఇప్పుడందరూ బాక్సుల చుట్టూ చేరారు. వరాలు చీరకుచ్చెళ్ళు ఎగదోపుకుని సిద్ధంగా నిలబడింది. గవరయ్య దణ్ణం పెట్టుకుని పిన్నులు కలిపాడు.

ఫట్ మంది. పొగ వచ్చింది. అంతే.

దాలినాయుడి మొహం మాడిపోయింది. పెద్దకొడుకు పెళ్ళి గుర్తొచ్చి కాబోలు, తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. వరాలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదృష్టం కొద్దీ భోజనానికి వచ్చిన మస్తాన్ అక్కడే ఉన్నాడు. పిన్నుల్లోంచి బెల్లమూ జీలకర్రా గోకి పారేసి, తలంబ్రాలు దులిపి, పనికిరాదని ఆ జంటని జేబులో వేసుకుని, సంచిలోంచి కొత్తవి తీసి తగిలించాడు. ఈసారి పాట వచ్చింది. దోమ పాడినట్టు సన్నగా వచ్చింది. ఆకలి మీదున్న మస్తాన్, సౌండు కొంచెం పెంచుకోండి, నేను విస్తరి ముందు కూర్చుంటాను అని పంక్తిలోకి వెళ్ళిపోయాడు.

పెంచడమంటే మాటలా అంది అచ్చియ్యమ్మ. వరాల్ని ఇంతదాన్ని చెయ్యడానికి తనకి ఇన్నేళ్ళు పట్టిందంది. అయినా మొదలెడదామని వెన్న వేసి మెత్తగా పప్పన్నం కలిపి బాక్సు ముక్కు దగ్గరికి ముద్ద పట్టుకెళ్ళింది. మగపెళ్ళివారి కుర్రాడొకడు ముందుకొచ్చి ఆంప్లిఫయరు మీద సౌండు పెంచే మర తిప్పాడు.

ఇంకేముంది, దరువు ఒక్కసారి విరుచుకుపడింది. పాక కప్పులోంచి గడ్డి రాలింది. అచ్చియ్యమ్మ చేతిలో ముద్ద ఎగిరి పురోహితుడి భుజం మీద పడింది. వీధిలో గేదెలు తాళ్ళు తెంపుకున్నాయి. బేసు కదల్లేదు, సౌండు చెదరలేదు. అంత బాగా మోగిన బాక్సులు ఆ చుట్టుపక్కల ఎవరూ వినలేదు. వరాలూ గంగరాజూ చేతులు పట్టుకుని దిగారు. కొత్తరేవు వాళ్ళంతా దిగారు. దాలినాయుడు మీసం మెలేస్తూ ఒక కాలు, తర్వాత రెండో కాలు కదిపాడు. గవరయ్య చెల్లెలి మొహం చూశాడు. మనం కట్టిన బాక్సులేరా అని తమ్ముడి భుజం పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే గంగరాజు స్నేహితుడొకడు చెమటలు కక్కుతూ వాళ్ళ దగ్గరికొచ్చి, ఆనందం పట్టలేక కేక వేశాడు.

"బావా, ఇవాళ బాక్సులు బద్దలైపోవాలి."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చేత్తో కట్టుకున్నవి. మిరపచేను ఇచ్చుకున్నవి. కానీ మగపెళ్ళివారు నోరు తెరిచి అడిగారు. వీల్లేదంటే చెల్లెలు రేపు ఆ ఇంట్లో ఎలా తలెత్తుకుంటుంది. గవరయ్య గునపం తెచ్చాడు, పోలయ్య గొడ్డలి తెచ్చాడు. ఏడుస్తూనే కొట్టారు. గట్టి చెక్క, తొందరగా బద్దలవలేదు. వచ్చినవాళ్ళకి వెలితి కలగకూడదని ముక్కుల దగ్గర్నుంచి మొదలెట్టి శుభ్రంగా పగలగొట్టారు.

పాట ఆగిపోయింది. వరాలు ఒక కాలు పైకెత్తి అలాగే ఉండిపోయింది. పెరుగన్నం చేత్తో పరుగెత్తుకొచ్చిన మస్తాన్, చూసి, అలాగే వెనక్కెళ్ళి మిగతా పెరుగన్నం తినేశాడు. ఏమిటిది బావా అన్నాడు గంగరాజు. మీవాళ్ళు అడిగారు, కాదనలేకపోయాం, ఇంకా చిన్న ముక్కలు కావాలంటే చేస్తాం అన్నాడు గవరయ్య చెమట తుడుచుకుంటూ.

అందరూ దాలినాయుడి వైపు చూశారు. ఆయన పగిలిన బాక్సుల్ని చూశాడు, గొడ్డలి పట్టుకుని వెక్కుతున్న పోలయ్యని చూశాడు. పొట్ట మొదట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. పాక స్తంభాన్ని పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. అడిగారని సొంత బాక్సుల్ని బద్దలుకొట్టే వియ్యాలవారు తనకి తప్ప ఎవరికి దొరుకుతారన్నాడు. ఆయన నవ్వేసరికి పిల్లలు బిందెలు తిరగేసి వాయించారు, ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. వరాలు ఎత్తిన కాలు దించి మళ్ళీ మొదలెట్టింది. వంటవాళ్ళతో సహా డాన్సు చేయనివాళ్ళు లేరు.

అప్పగింతల వేళయింది. అచ్చియ్యమ్మ వరాలు చెయ్యి దాలినాయుడి చేతిలో పెట్టి, పిల్ల అమాయకురాలు, జాగ్రత్త అని కళ్ళు ఒత్తుకుంది. ఆయన ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"బెంగపడకండమ్మా. మీ పిల్లని నెత్తిన పెట్టుకుని చూసుకుంటాం" అన్నాడు.

అచ్చియ్యమ్మ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఇంత మంచివాళ్ళు ఎక్కడుంటారంది. వెంటనే లోపలికి పోయి పాత చీర చుట్టి చుట్టకుదురు చేసుకొచ్చి ఆయన తలపాగా మీద పెట్టింది, పాపం నొప్పి పుట్టకూడదని. పోలయ్య బల్ల తెచ్చాడు. గవరయ్య చెల్లెల్ని బల్ల ఎక్కించాడు. దాలినాయుడు ఏమిటేమిటంటుండగానే ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఎత్తి, పట్టుచీరతో, పూలజడతో, ఒడిబియ్యంతో సహా ఆయన నెత్తిన కూర్చోబెట్టారు. దాలినాయుడు బలమైన మనిషి. వంకరపోయాడు గానీ పడిపోలేదు. దించండిరా అని మూలిగితే, మాకంత అపనమ్మకం లేదు మావయ్యా, ఇంటిదాకా తీసుకెళ్ళండి అన్నాడు గవరయ్య.

పెళ్ళికొడుకు వెనకాల పరుగెడుతుంటే, ఆయన తూలుకుంటూ వీధిలోకి కదిలాడు. వరాలు మావగారి మీసం ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, అన్నలకీ అత్తకీ రెండో చేత్తో వీడ్కోలు చెప్పి, ముందుకి వంగి మెల్లిగా అంది.

"గుమ్మాలొచ్చినప్పుడు వంగండి మావయ్యగారూ. నా తల తగులుతుంది."