గోరంత నల్ల టేపు

భావనారాయణగారిని ప్రశ్న అడిగితే జవాబు వచ్చేది కాదు, పని వచ్చేది. వేటపాలెంలో పగలంతా మగ్గం నేసి, సాయంత్రాలు పదిమందికి తత్త్వం చెప్పే గురువు ఆయన. "మోక్షమంటే ఏమిటి గురువుగారూ?" అని అడిగినవాడికి "ముందు ఆ నూలు కండెలు చుట్టు నాయనా" అనేవారు. మనసు నిలవడం లేదని వచ్చినవాణ్ణి పెరటి బావిలోకి దింపి పూడిక తీయించేవారు. పని పూర్తయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి నడుం పట్టేసేది. ఆ రెండో రకంవాళ్లు మళ్లీ ప్రశ్నలు అడిగేవాళ్లు కాదు.

ఆయన శిష్యులందరిలోనూ మార్కండేయులిది పెద్దపీట అని మార్కండేయులి అభిప్రాయం. హైస్కూల్లో ఇరవై రెండేళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయినవాడు. ఆ రోజుల్లో అతను ఈల వేస్తే గ్రౌండులో పిల్లలే కాదు, రోడ్డున పోయే గేదెలు కూడా ఆగేవని ఊళ్లో చెప్పుకునేవారు. కోపం ముక్కు మీద ఉండేది. అలాంటి మనిషి గురువుగారి దగ్గర చేరిన రోజునే ఇక కోపం జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నాడు. తొమ్మిదేళ్లయింది, ఒక్కసారి గొంతు పెంచలేదు. బస్సులో కాలు తొక్కితే నవ్వేవాడు. పాలవాడు నీళ్లల్లో పాలు కలిపి పోస్తే నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే అతని భార్యకు భయం వేసేది గాని, ఆమెను అడిగినవాళ్లెవరూ లేరు.

ఆ సంప్రదాయంలో నలుగురిని కూర్చోబెట్టి తత్త్వం చెప్పాలంటే గురువు అనుజ్ఞ ఉండాలి. ఏటా గురుపూజ నాడు ఇస్తారు. అది వచ్చినవాళ్లకు కూర్చోవడానికి పీట, మిగతావాళ్లకు చాప. ఏటా మార్కండేయులు తెల్లబట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చునేవాడు. ఏటా ఎవరో ఒకరి పేరు పిలిచేవారు, అతని పేరు మాత్రం కాదు. పోయినేడు మరీ అన్యాయం జరిగింది. బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకున్న రాఘవమ్మకు, వచ్చి నిండా మూడేళ్లు కానిదానికి, అనుజ్ఞ ఇచ్చేశారు. రెండోసారి చట్నీ అడిగినవాణ్ణి ఆవిడ తిట్టే తిట్లు రైలు పట్టాల అవతలకి వినిపించేవి. తిట్టిన నోటితోనే "పట్టు ప్లేటు" అని గరిటెడు చట్నీ పోసేదనుకోండి, అది వేరే సంగతి. మార్కండేయులు ఆ రోజు అందరికంటే ముందు లేచి ఆవిడకు దండం పెట్టాడు, నవ్వుతూ ప్రసాదం పంచాడు. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయాడు. నోరు పారేసుకునేదానికి పీటలా? నోరు కట్టుకున్నవాడికి చాపలా? ఇదెక్కడి న్యాయమో చెప్పేవాడే లేడా అని ఏడాదంతా లోలోపల కొట్టుకున్నాడు. పైకి మాత్రం ఆ నవ్వే.

ఈసారి గురుపూజ ఇంకా వారం ఉందనగా వెళ్లి మగ్గం గుంట పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గురువుగారూ, నేను కోపాన్ని జయించడం మీరు చూస్తూనే ఉన్నారు. ఇంకా నాలో ఏం లోపం ఉందో సెలవిస్తే దిద్దుకుంటాను" అన్నాడు, ఎంతో మెత్తగా.

భావనారాయణగారు పోగుల మధ్య అటూ ఇటూ పోయే నాడె ఆపలేదు. "మన కారుకు శుక్రవారంతో ఫిట్‌నెస్ అయిపోతోంది కదా. పాస్ చేయించుకురా నాయనా. తర్వాత నీ సంగతి చూద్దాం" అన్నారు.

కారు గురువుగారు కొన్నది కాదు. విజయవాడలో ట్రావెల్స్ నడిపే శిష్యుడొకడు కొత్తది కొనుక్కుంటూ పాతదాన్ని తెచ్చి గుమ్మం ముందు పెట్టి సాష్టాంగపడ్డాడు. జర్మనీ కారు. వయసులో ఉన్నప్పుడు మంత్రులను, పెళ్లికొడుకులను మోసిందట. ఇప్పుడు తోలు సీట్లు నెర్రెలిచ్చాయి, ఎడమ అద్దం సగం దిగి అక్కడే అలుగుతుంది. గురువుగారు అందులో ఎక్కడం తక్కువ. కిడ్నీలు పాడైన నేతగాడు అంకమ్మరావును వారానికి రెండుసార్లు చీరాల ఆస్పత్రికి తీసుకెళ్లి తీసుకురావడమే దాని అసలు పని. నొప్పులు పడే ఆడవాళ్లనూ అందులోనే తీసుకెళ్లేవారు. నడిపేది మార్కండేయులే. టాక్సీగా తిరిగిన రోజుల నాటి పసుపు నంబరు ప్లేటు అలాగే ఉండిపోవడం వల్ల ఏటా దాన్ని బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టక తప్పేది కాదు.

కారు పాసయితే తను పాసయినట్టేనని మార్కండేయులు ఖాయం చేసుకున్నాడు. స్పోర్ట్స్ డేకి గ్రౌండు తయారుచేసినట్టు దాని వెంట పడ్డాడు. మూడుసార్లు కడిగాడు. మొహం కనిపించేదాకా పాలిష్ పట్టాడు. కొత్త వైపర్లు వేయించాడు, మంటలార్పే సిలిండరు పెట్టించాడు, మందుల పెట్టెలో గాజుగుడ్డ దగ్గర్నుంచి తేదీలు చూసి మార్చాడు. వెనక అంటించే ఎర్ర స్టిక్కర్లను స్కేలు పెట్టి సమంగా అంటించాడు. అంతా అయ్యాక స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పితే, మీటరు పక్కన ఎర్ర లైటు వెలిగింది. బ్రేకుల లైటు. రెండు నెలలుగా వెలుగుతూ ఆరుతూ ఉన్నదే. గురువారం పొద్దుటికి ఇక ఆరడం మానేసింది.

బైపాస్ మీద నాగూరు మేస్త్రి షెడ్డుకు తీసుకెళ్లాడు. నాగూరు కారును జాకీ మీద లేపి, చక్రాలన్నీ తిప్పి చూసి, "వెనక కుడివైపు బ్రేకు పట్టడం లేదు మాస్టారూ. సామాను మద్రాసు నుంచి రావాలి. పది రోజులు పట్టుద్ది" అన్నాడు.

"పరీక్ష రేపు కదయ్యా."

"అయితే రేపు తీసకపోబాకండి."

"ఆ లైటు ఒక్కటి లేకుండా చూడు, చాలు."

నాగూరు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "లైటు ఆరాలా మాస్టారూ, జబ్బు పోవాలా? రెండూ ఒకటి కాదు."

మార్కండేయులికి చర్రున వచ్చింది. వేదాంతం తొమ్మిదేళ్లు చదువుకున్నది తనా, గ్రీజు పూసుకునే వీడా? అయినా నవ్వాడు. "రేపటికి లైటు ఆరనీ నాగూరూ. జబ్బు సంగతి ఎల్లుండి చూద్దాం. గురువుగారి బండి, దానికేమీ కాదు."

గురువుగారి మాట వచ్చేసరికి నాగూరు మరి కాదనలేకపోయాడు. మీటరు ఊడదీసి, ఆ లైటు ఉన్నచోట గోరంత నల్ల టేపు ముక్క అతికించి, మళ్లీ బిగించాడు. పది నిమిషాల పని. బండి బయటికి తీస్తుంటే మాత్రం అడ్డం వచ్చి, "సామాను మార్చిందాకా ఎవర్నీ ఎక్కించుకోబాకండి" అని రెండుసార్లు చెప్పాడు.

శుక్రవారం పరీక్ష మైదానంలో లారీలు, ఆటోలు, స్కూలు బస్సులు బారులు తీరాయి. వాటి మధ్య తెల్లటి కారు పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. ఆ ఏడు కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆడమనిషి, ముప్పై ఏళ్లుంటాయి. మార్కండేయులి ముందున్న ఆటోకు రంగు కూడా సరిగ్గా లేదు, తుప్పు పట్టి చిల్లులు పడింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ నడిపించి, బ్రేకు కొట్టించి, పాస్ అని రాసేసింది. ఇదే పాసయితే మన కారుకు హారతి పట్టాలి అనుకున్నాడు మార్కండేయులు.

ఆవిడ పాలిష్ చూడలేదు. స్టిక్కర్లు ఎంత సమంగా ఉన్నాయో చూడలేదు. నేరుగా వచ్చి స్టీరింగు ముందు కూర్చుని, ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం సగం తిప్పి, మీటరు వైపు చూసింది. లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఒకటొకటే ఆరాయి. ఆవిడ తాళం తీసి మళ్లీ తిప్పింది.

"ఇక్కడ బ్రేకు లైటు వెలగడం లేదేం సార్?"

"వెలగడం లేదంటే బాగున్నట్టే కదమ్మా" అన్నాడు మార్కండేయులు నవ్వుతూ.

"బాగున్న బండికయినా తాళం తిప్పగానే ఒకసారి వెలగాలి. వెలిగి ఆరితే బాగున్నట్టు. అసలు వెలగకపోతే ఎవరో నొక్కిపెట్టినట్టు" అని దిగింది. "ముప్పైలో వచ్చి, ఆ సున్నపు గీత దగ్గర ఆపండి."

మార్కండేయులు ముప్పైలో వచ్చాడు. గీత దగ్గర కాలు బలంగానే తొక్కాడు. కారు ఒక పక్కకు ఈడ్చుకుంటూ గీత దాటింది, ఇంకా దాటింది, టీ కొట్టు బెంచీకి జానెడు దూరంలో ఆగింది. బెంచీ మీద కూర్చున్న ఇద్దరూ గ్లాసులు వదిలేసి అప్పటికే రోడ్డు మీదున్నారు.

ఆవిడ కాగితం మీద అడ్డగీత కొట్టింది. ఆ గీత చూశాడో లేదో, తొమ్మిదేళ్లుగా పళ్ల బిగువున పట్టి ఉంచినదంతా మార్కండేయులి గొంతులోకి వచ్చేసింది.

"ఏమ్మా! ఏం చూశావని కొట్టేశావు? ఆ తుప్పు ఆటో పాసా? మూడుసార్లు కడిగిన బండి ఫెయిలా? ఇది ఎవరి బండో తెలుసా నీకు? నీ అంత పిల్లల్ని వేలమందిని ఎండలో నిలబెట్టినవాణ్ణి నేను! నాకు నేర్పుతావా నువ్వు?"

నలభై అయిదేళ్ల లారీ డ్రైవరొకడు, ఏనాటి డ్రిల్లు శిష్యుడో పాపం, నోట్లోని బీడీ పారేసి మడమలు రెండూ కలిపి నిటారుగా నిలబడ్డాడు. తప్పు ఎదుటివాళ్లదయినప్పుడు వచ్చే కోపానికి ఎక్కడో ఒక గట్టు ఉంటుంది. తప్పు తనదేనని తెలిసినప్పుడు వచ్చేదానికి గట్టూ ఉండదు, సిగ్గూ ఉండదు. మార్కండేయులు ఆవిణ్ణి తిట్టాడు, ఆఫీసును తిట్టాడు, ప్రభుత్వాన్ని తిట్టాడు.

ఆవిడ అతను ఊపిరి తీసుకునేదాకా ఆగి, "ఈ బండిలో ఎవరు ఎక్కుతారు సార్?" అని అడిగింది.

అతని చూపు వెనక సీటు మీదికి, అంకమ్మరావు కూర్చునే చోటికి పోయింది.

"పది రోజులు టైమిస్తున్నాను. ఈలోగా రోడ్డు ఎక్కించొద్దు. ఆ నొక్కిపెట్టిందేదో మీరే తీయించండి" అని ఆవిడ తరువాతి బండి దగ్గరికి వెళ్లిపోయింది.

కారు అక్కడే వదిలేసి, లాక్కుపొమ్మని నాగూరుకు ఫోను చేసి, మార్కండేయులు బస్సెక్కాడు. కోపం దిగలేదు. ఊరు దగ్గరయ్యే కొద్దీ పెరిగింది. ఆ ఇన్‌స్పెక్టరు ఎంత పొగరుబోతు! నాగూరుకయినా బుద్ధి ఉండక్కర్లేదా, టేపు వెయ్యమంటే వేసేయడమేనా? ఆ ట్రావెల్స్ వాడు పుణ్యం మూటగట్టుకుని డొక్కు బండి మన నెత్తిన పెట్టాడు. ఇలా ఒక్కొక్కరినే తలుచుకుని తిట్టుకుంటూ పోగా, వేటపాలెం స్టేజీ దగ్గర బస్సు దిగేసరికి తిట్టాల్సినవాళ్లలో ఒక్కరే మిగిలారు. అసలు ఈ పని చెప్పిందెవరు?

సాయంత్రం పాఠానికి పదిమందీ చేరి ఉన్నారు. భావనారాయణగారు చివరి నాలుగు పోగులు నేస్తున్నారు. మార్కండేయులు చెప్పులతోనే లోపలికి వచ్చేశాడు.

"మీకు తెలుసు! ఆ కారు పాస్ కాదని మీకు తెలుసు. తెలిసే పంపారు, నన్ను పదిమందిలో అల్లరి చేయడానికే పంపారు! తొమ్మిదేళ్లు! తొమ్మిదేళ్లు మీ ముందు కుక్కలా పడి ఉన్నాను. ఆ రాఘవమ్మకిచ్చారే, ఆ రాత్రి నేను అన్నం తినలేదు, తెలుసా మీకు? గోడకేసి తల కొట్టుకున్నాను. పొద్దున్నే మళ్లీ నవ్వుకుంటూ వచ్చి మీకు దండం పెట్టాను. ఎందుకు పెట్టాలి? ఏమిచ్చారని పెట్టాలి?"

ఎవరో లేచి అతని చెయ్యి పట్టుకోబోయారు. భావనారాయణగారు వద్దన్నట్టు తల ఊపారు.

"ఆ టేపు నేనే వేయించాను" అన్నాడు మార్కండేయులు. గొంతు అప్పటికే బొంగురుపోయింది. "వద్దన్నా వినకుండా నేనే వేయించాను. అంకమ్మరావుని కూర్చోబెట్టే బండికి. బ్రేకు లేదని తెలిసీ వేయించాను. మీరు పాస్ అనాలని. ఒక్కసారి మీ నోటితో అనాలని." ఉన్నచోటనే నిలబడి వగరుస్తూ ఉండిపోయాడు. మొహాన నవ్వు లేదు. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు.

భావనారాయణగారు నాడె పక్కన పెట్టి, మగ్గం గుంటలోంచి మెల్లగా పైకి వచ్చారు. అతనికి ఎదురుగా, నేల మీదే, మోకాళ్లు పట్టుకుని కూర్చున్నారు. ఊరినుంచి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు తేరిపార చూశారు.

"రా మార్కండేయులూ, కూర్చో" అన్నారు. "ఇన్నేళ్లూ నీ చాప మీద ఎవరో మెత్తటాయన వచ్చి కూర్చుని పోతున్నాడు. ఆయనకు ఏం చెప్పాలో తెలియక నేను నానా అవస్థా పడ్డాను."